ముసుగు వేసుకున్నవాడు దేనితో నటిస్తాడు?

మూడోవరుస

నిన్న రాత్రి 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ మళ్లీ చూశాను. ఎగిరే దృశ్యాల కోసం కాదు, ఒక్క అరనిమిషం కోసం.

లోయిస్ లేన్ ఇంట్లో క్లార్క్ కెంట్ ఒక్కడే నిలబడి ఉంటాడు. ఆమె లోపలి గదిలో తయారవుతూ ఉంటుంది. తానే సూపర్‌మ్యాన్ అన్న నిజం చెప్పేద్దామనుకుని అతను కళ్లద్దాలు తీస్తాడు. వంగిన వీపు నిటారవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు గంభీరమవుతుంది. చూస్తుండగానే మనిషి నాలుగంగుళాలు పెరిగినట్టుంటాడు. అంతలో మనసు మార్చుకుని మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంటాడు. ఆ ఎత్తంతా ఎక్కడికి పోయిందో తెలియదు. ‘కళ్లద్దాలు పెట్టుకుంటే మాత్రం గుర్తుపట్టలేరా?’ అని ఎగతాళి చేసేవాళ్లందరికీ క్రిస్టఫర్ రీవ్ జవాబు అదే. అందులో యంత్రం లేదు, గ్రాఫిక్స్ లేవు. ఉన్నది ఒక వెన్నెముక.

కామిక్స్ సినిమాల్లో హీరోలను, విలన్లను ఎవరెవరు ఎలా పోషించారో మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మొదటి పది స్థానాల జాబితాలు దయచేసి వద్దు, ఈ వేదికలో అవి అవసరానికి మించి ఉన్నాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. విలన్ వేషం నటుడికి పండగ, హీరో వేషం పరీక్ష. విలన్‌కు నవ్వు, కోపం, పిచ్చి, పొడుగాటి సంభాషణలు అన్నీ దొరుకుతాయి. హీరోకు మిగిలేది ముక్కు కింది భాగం. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రంగులపెట్టె

నేనున్నాను.

బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ వేషమే తీసుకోండి. 1966 టీవీ ధారావాహికలో సీజర్ రొమెరో మీసం తీయనన్నాడు. దాని మీదే తెల్ల రంగు పూశారు. దగ్గరి షాట్లలో ఆ మీసం ఇప్పటికీ కనిపిస్తుంది. ముఖం అలా నవ్వులపాలయ్యే ప్రమాదం ఉంది కాబట్టేనేమో ఆయన భారమంతా ఒంటిమీద, నవ్వు మీద వేశాడు. 1989లో జాక్ నికల్సన్‌కు నవ్వు ఆకారంలో చేసిన అతుకులు ముఖానికి అంటించారు. ఆ నోరు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, కోపం వచ్చినా, నీరసం వచ్చినా. అందుకని నోరు చెప్పేదాన్ని కళ్లతో ఖండిస్తూ నటించాల్సి వచ్చింది. 2008లో హీత్ లెడ్జర్‌కు బుగ్గల మీద పెట్టిన గాయాల అతుకులు మాట్లాడుతుంటే నోటి దగ్గర ఊడివచ్చేవి. వాటిని నాలుకతో సర్దుకునేవాడు. ఆ సర్దుకోవడమే పాత్రకు అలవాటైపోయింది. పాములా పెదవులు తడుపుకునే ఆ జోకర్‌ను ఎవరూ కాగితం మీద రాయలేదు.

పండగ అంటున్నారు. ఆ రంగు కింద ముఖకండరాలు కదలక ఎంత తిప్పలు పడాలో మీకు తెలియదు. నేను నాటకాల్లో రాక్షస వేషాలు కట్టినవాడిని. చెమటకు రంగు కరిగి కంట్లోకి దిగుతుంటే అట్టహాసం చేయడం పండగ కాదండీ.

సందేహాలరావు

అయితే ఇది మూడోవరుస గారి మాటకు ఖండనా, సమర్థనా? నాకు రెండోదే అనిపించింది. విలన్‌కు అతుకు ఊడినా అది నటన అవుతోంది. హీరోకు అతుకు ఊడితే షాట్ మళ్లీ తీస్తారు.

అట్టపుస్తకం

జోకర్ గురించి పైన ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ పాత్ర 1940లో కామిక్స్‌లోకి వచ్చింది. దాని ముఖానికి మూలం ఒక నటుడే. 1928 నాటి ‘ద మ్యాన్ హూ లాఫ్స్’ అనే మూకీ చిత్రంలో కోన్రాడ్ ఫైట్ నోరు చెక్కేసిన మనిషిగా నటించాడు. ఆ ఫొటోలు చూసే ఈ బొమ్మ గీశారు. విచిత్రం ఏమిటంటే అందులో ఆయన విలన్ కాదు, అందరి జాలికీ పాత్రుడైన కథానాయకుడు. ఒక నటుడి ముఖం బొమ్మయింది, ఆ బొమ్మ తర్వాత ఇంతమంది నటులకు ముఖమైంది.

ఇక నాలాంటి పాఠకుల సంగతి. బొమ్మలో ఉన్నట్టు లేడని గొడవ చేయడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మైకేల్ కీటన్‌ను బ్యాట్‌మ్యాన్‌గా ప్రకటించినప్పుడు నిర్మాణ సంస్థకు దాదాపు 50,000 నిరసన ఉత్తరాలు వెళ్లాయంటారు. హాస్యనటుడు, సన్నగా ఉన్నాడు, గడ్డం చదరంగా లేదు అని. ‘ఎక్స్-మెన్’ హీరో వుల్వరిన్ కామిక్స్‌లో ఐదడుగుల మూడంగుళాల పొట్టివాడు. హ్యూ జాక్‌మన్ ఆరడుగులు దాటినవాడు, పైగా అనుకున్న నటుడు మరో సినిమా షూటింగ్ ఆలస్యమై రాలేకపోతే ఆఖరి నిమిషంలో వచ్చినవాడు. ఆ పేరుతో నిజంగా ఒక జంతువు ఉందని కూడా అతనికి అప్పట్లో తెలియదు. తోడేలు అనుకుని తోడేళ్ల నడక చూసి సాధన చేశాడట! 2000లో మొదలుపెట్టి 2024 వరకు ఆ గోళ్లు వదల్లేదు. ఇప్పుడు కామిక్స్‌లో వుల్వరిన్‌ను చూస్తే ‘ఇంత పొట్టిగా ఉన్నాడేమిటి?’ అని మనమే అనుకుంటాం.

పాతరీలు

కీటన్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆ రబ్బరు తొడుగులో మెడ తిరిగేది కాదు. పక్కకు చూడాలంటే నడుము నుంచి మొత్తం తిరగాలి. అతను దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. ఒక్క ఊపులో ఛాతీ అంతా తిప్పి చూడటాన్నే పాత్ర తీరుగా మార్చుకున్నాడు. విగ్రహం తిరిగి చూసినట్టుంటుంది. తర్వాత 2008 సినిమాలో క్రిస్టియన్ బేల్ ‘తల తిప్పగలిగే కవచం కావాలి’ అని అడిగే చమత్కారం దీని మీదే.

కీటన్ చేసిన ఇంకో మంచి పని ముసుగు లేనప్పటిది. అతని బ్రూస్ వేన్, అంటే ముసుగు లేని బ్యాట్‌మ్యాన్, తన ఇంట్లో తానే దారితప్పినట్టు, ఏదో మరిచిపోయినట్టు ఉంటాడు. ముసుగు వేసుకున్నప్పుడే కుదురుగా ఉంటాడు. అంటే ఏది అసలు ముఖం, ఏది వేషం అన్న ప్రశ్నను తిరగేశాడు. రీవ్ చేసిన దానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

గొంతుమనిషి

అందరూ కండరాలు, మెడలు, అతుకుల గురించే మాట్లాడుతున్నారు. మన పెద్దలు అభినయాన్ని నాలుగుగా విడదీశారు: ఆంగికం (ఒళ్లు), వాచికం (గొంతు), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం). ముసుగు ఆహార్యం. అది ముఖంలోని సాత్త్వికాన్ని మింగేస్తుంది. మరి మిగిలేవి ఒళ్లు, గొంతు. గొంతు గురించి ఒక్కరూ మాట్లాడకపోవడం అన్యాయం.

నా లెక్కలో అసలు బ్యాట్‌మ్యాన్ తెర మీద కనిపించనే లేదు. 1992లో మొదలైన యానిమేషన్ ధారావాహికలో కెవిన్ కాన్రాయ్ గొంతు అది. బ్రూస్‌కు ఒక గొంతు, బ్యాట్‌మ్యాన్‌కు ఇంకో గొంతు. రెండోది అరుపు కాదు, బరువు. ఎదురుగా జోకర్‌గా మార్క్ హామిల్. ఆ నవ్వును ఒక్కోసారి ఒక్కోలా నవ్వాడు. బెదిరించే నవ్వు వేరు, ఓడిపోతున్నప్పటి నవ్వు వేరు. హార్లీ క్విన్ అనే పాత్ర అసలు పుట్టిందే ఆ ధారావాహికలో. ఆర్లీన్ సోర్కిన్ గొంతులో పుట్టి, తర్వాత కామిక్స్‌లోకి వెళ్లి, ఆ తర్వాత మార్గో రాబీ ఒంట్లోకి వచ్చింది.

క్రిస్టియన్ బేల్ గొంతు గురించి మాత్రం నన్ను అడగకండి. గరగర నాకూ ఇష్టమే, కానీ అంత గరగరతో అంత పొడుగు వాక్యాలు చెప్పకూడదు.

సందేహాలరావు

అడిగేవాడిని. మీరే ముందు చెప్పేశారు.

నిద్రలేని_ఆదివారం

గొంతుమనిషి గారూ, ఒక ఇబ్బంది ఉంది. నేను వీటిలో చాలావాటిని తెలుగు అనువాదంలోనే చూశాను. అంటే మీరు చెప్పే వాచికం నాకు అందనే లేదు. 2012లో టామ్ హార్డీ చేసిన బ్యాట్‌మ్యాన్ విలన్ బేన్‌కు నోరంతా ముసుగే. కళ్లు, మెడ, భుజాలు, చొక్కా పట్టీలు పట్టుకుని నిలబడే ఆ నిలకడ మాత్రమే నేను చూసింది. అయినా భయం వేసింది. తర్వాత అసలు గొంతు విన్నాను. ముసలి జమీందారు పలకరించినట్టు ముద్దుగా ఉంది! భయం తగ్గి ఆసక్తి పెరిగింది. కాబట్టి ఒంటితో చేసింది కూడా తక్కువేమీ కాదు.

గొంతుమనిషి

మీరు అన్నది నిజమే. ఆ గొంతు కోసం హార్డీ పట్టుకున్న నమూనా బార్ట్లీ గోర్మన్ అనే ఐరిష్ మూలాలున్న ముష్టియుద్ధ వీరుడు. అంత పెద్ద శరీరం నుంచి అంత మర్యాదైన గొంతు రావడంలోనే విడ్డూరమంతా ఉంది. మీరు చూసిన బేన్, నేను విన్న బేన్ ఇద్దరు వేరు మనుషులు అన్నమాట.

ఇలాంటిదే ఇంకోటి. ‘వీ ఫర్ వెండెటా’లో హ్యూగో వీవింగ్ ముఖం సినిమా మొత్తంలో ఒక్కసారీ కనిపించదు. మొదట ఆ పాత్రకు తీసుకున్నది జేమ్స్ ప్యూర్‌ఫాయ్‌ని. కొన్ని వారాల చిత్రీకరణ తర్వాత ఆయన తప్పుకుంటే వీవింగ్ వచ్చాడు. కదలని నవ్వున్న ఆ ముసుగు కాంతి మారితే ఏడ్చినట్టు, తల కొంచెం వంచితే సిగ్గుపడినట్టు కనిపిస్తుంది. అది మీ ఆంగికం ఖాతాలో వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

పాతరీలు

పిట్టకథ ఒకటి. ఇంకో ప్రసిద్ధ ముసుగు విలన్, ‘స్టార్ వార్స్’లోని డార్త్ వేడర్ లోపల ఉన్న శరీరం డేవిడ్ ప్రౌజ్‌ది, గొంతు వేరొకరిది. అది కామిక్స్ పాత్ర కాదు కాబట్టి ఈ చర్చకు రాదు. కానీ సన్నగా ఉన్న క్రిస్టఫర్ రీవ్‌కు కసరత్తు చేయించి సూపర్‌మ్యాన్ ఒళ్లు తెచ్చిపెట్టింది ఆ ప్రౌజే. ఒక విలన్ శరీరం ఒక హీరో శరీరాన్ని తయారుచేసింది.

చివరి_టికెట్

ఇంతకీ అందరికంటే గొప్ప నటుడు ‘అవెంజర్స్’ విలన్ థానోస్ కదా. అతను కంప్యూటర్ బొమ్మ. ఇక నటన గురించి మాట్లాడటం ఎందుకు?

రంగులపెట్టె

రంగు వేసేవాడిగా నాకూ మొదట అదే కోపం ఉండేది. ఇప్పుడు లేదు. 2018లో జాష్ బ్రోలిన్ ముఖం నిండా చుక్కలు పెట్టించుకుని, తలకు కట్టిన కెమెరాల ముందు మొత్తం పాత్రను నటించాడు. ఎదురుగా ఉన్నవాళ్లు ఎత్తు సరిగ్గా చూడాలని అతని తల పైన కర్రకు థానోస్ బొమ్మ కట్టారు. ఇక ఫలితం చూడండి. ఎక్కడా అరవడు. అలసిపోయిన రైతులా నిట్టూరుస్తాడు. కూతురిని లోయలోకి తోసే ముందు కంట్లో నీరు తిరుగుతుంది. ఆ నిట్టూర్పు ఏ యంత్రానిదీ కాదు.

దానికి ముందు 2004లో ‘స్పైడర్‌మ్యాన్ 2’ విలన్‌గా ఆల్‌ఫ్రెడ్ మొలీనాది ఇంకో పద్ధతి. డాక్టర్ ఆక్టోపస్ ఇనుప చేతులను చాలా దృశ్యాల్లో పక్కనే నిలబడి బొమ్మలాటవాళ్లు ఆడించారు. అందుకే అతను వాటితో మాట్లాడుతుంటే నిజంగా నాలుగు పెంపుడు పాములతో మాట్లాడినట్టుంటుంది. 2021లో తిరిగి వచ్చినప్పుడు ఆ చేతులు కంప్యూటర్‌లో చేశారు. సుఖంగా ఉండి ఉంటుంది. నాకు మాత్రం పాతవే బాగున్నాయి.

మూడోవరుస

విలన్ల గురించే ఇంత రాశారంటే నా మాట నిజమని మీరే ఒప్పుకున్నట్టు.

విలెం డఫోని తీసుకోండి. 2002 ‘స్పైడర్‌మ్యాన్’లో అతని గ్రీన్ గోబ్లిన్ ముసుగు కదలదు, రెప్ప వేయదు, నోరు మూయదు. ఆ ముసుగుతో ఉన్న దృశ్యాలు బొమ్మల కొట్టులో దొంగ పడ్డట్టుంటాయి. కానీ అద్దం ముందు దృశ్యంలో ముసుగు లేదు. ఒకే గదిలో తండ్రి, రాక్షసుడు మాటకు మాట చెప్పుకుంటారు. అటు తిరిగితే ఒకడు, ఇటు తిరిగితే ఇంకొకడు. 2021లో ఆ పాత్ర తిరిగి వచ్చినప్పుడు మొదట్లోనే తన ముసుగును తానే పగలగొడతాడు. పంతొమ్మిదేళ్లకు ఎవరో మన మొర విన్నారు.

హీరోలకు ఆ అవకాశం ఇస్తారా? ఇస్తారు, దొంగదారిలో. స్పైడర్‌మ్యాన్‌గా టోబీ మగ్వైర్ ముసుగు ముఖ్యమైన పోరాటం రాగానే చిరిగిపోతుంది. రైలు ఆపే దృశ్యంలో ముఖమంతా బయటే. ఐరన్ మ్యాన్ తొడుగు లోపలికే కెమెరాను తీసుకెళ్లి రాబర్ట్ డౌనీ జూనియర్ ముఖం చూపిస్తారు. ముఖానికి డబ్బిచ్చాక దాన్ని ఎవరు దాస్తారు?

అట్టపుస్తకం

కార్ల్ అర్బన్ దాచాడు. 2012 ‘డ్రెడ్’లో మొదటినుంచి చివరిదాకా శిరస్త్రాణం తీయలేదు. కామిక్స్‌లో తీయడు కాబట్టి తీయకూడదని పట్టుబట్టిన వాళ్లలో అతనూ ఒకడు. ఆ సినిమా మొత్తం ఒక కింది పెదవి నటించింది. అది వంకర తిరిగితే కోపం, ఇంకొంచెం వంకర తిరిగితే ఇంకొంచెం కోపం. నవ్వకండి, నిజంగానే తేడా తెలుస్తుంది.

నిద్రలేని_ఆదివారం

ఇంతవరకు ఆడవాళ్ల సంగతి ఎత్తింది ఒక్క గొంతుమనిషి గారే. 1992లో మిషెల్ ఫైఫర్ క్యాట్‌ఉమన్ వేషానికి కొరడా నేర్చుకుని, వరసగా నాలుగు దుకాణం బొమ్మల తలలు ఎగరగొట్టే షాట్ స్వయంగా చేసింది. బతికున్న పిట్టను నోట్లో పెట్టుకుని వదిలిన షాట్ కూడా ఆమెదే. కానీ నాకు గుర్తున్నది అది కాదు. ఇంటికి వచ్చి, ఫోనులో రికార్డయిన మాటలు వింటూ, ఇల్లంతా పగలగొట్టే దృశ్యం. ముసుగు ఇంకా కుట్టుకోలేదు. అప్పటికే మనిషి మారిపోయింది. ఆమె హీరోనా విలనా అని అడిగితే సినిమా అయిపోయాక కూడా చెప్పలేను. మూడోవరుస గారి రెండు గదుల్లో దేంట్లో పెడతారో చెప్పండి.

నిర్వాహకులు

ఏ కంపెనీ సినిమాలు గొప్పవన్న వాదనతో వచ్చిన మూడు సందేశాలు తొలగించాం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ మంటలు బాగానే వెలుగుతున్నాయి. ఇక్కడ నటన గురించే రాయండి.

చివరి_టికెట్

సరే, నటన గురించే. జోకర్ వేషమే హీత్ లెడ్జర్ ప్రాణం తీసిందని అందరికీ తెలుసు. అంతకంటే లీనమై ఎవరు నటించగలరు?

పాతరీలు

ఇది ఇక ఆపుదాం. లెడ్జర్ 2008 జనవరి 22న 28 ఏళ్ల వయసులో పోయాడు. వైద్యులు రాసిచ్చే మందులు కొన్ని ఒంట్లో కలిసి ప్రమాదవశాత్తు జరిగిన మరణమని అధికారికంగా తేల్చారు. హోటల్ గదిలో ఒంటరిగా కూర్చుని గొంతు సాధన చేసింది, పాత్ర కోసం పుస్తకం రాసుకున్నది నిజం. అది పని. ఆ వేషాన్ని అతను సరదాగా, ఆనందంగా చేశాడని ఇంటివాళ్లు, తోటి నటులు చెప్పారు. ఒక మనిషి పనితనాన్ని అతని చావుకు కారణంగా చూపించడం మెచ్చుకోవడం ఎలా అవుతుంది?

ఆసుపత్రి పేల్చే దృశ్యం కూడా అంతే. బాంబు ఆలస్యమైతే అప్పటికప్పుడు మీట నొక్కుతూ నటించాడని చెప్పుకుంటారు. ఆ విరామం ముందే అనుకుని, సాధన చేసి తీసినది. అందులో తక్కువతనం ఏముంది? అనుకుని చేసిన దాన్ని అనుకోనట్టు చేయడమే కదా ఆ వృత్తి.

చివరి_టికెట్

ఒప్పుకుంటున్నాను. విన్నమాట నమ్మేశాను.

గొంతుమనిషి

లెడ్జర్‌కు మరణానంతరం సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. 2019 చిత్రానికి వాకీన్ ఫీనిక్స్‌కు ఉత్తమ నటుడిగా వచ్చింది. ఒకే పాత్రకు ఇద్దరికి రావడం అంతకు ముందు ‘గాడ్‌ఫాదర్’ సినిమాల్లోని వీటో కార్లియోనికే జరిగింది, బ్రాండోకు, డి నీరోకు. కానీ ఈ ఇద్దరు జోకర్లు ఒకే పాత్ర అంటే నాకు నమ్మబుద్ధి కాదు. లెడ్జర్ మనిషికి గతం లేదు. గాయాల కథ రెండుసార్లు చెబుతాడు, రెండూ వేరు. ఫీనిక్స్ మనిషికి గతం తప్ప ఏమీ లేదు. 20 కిలోలకు పైగా బరువు తగ్గి, ఎముకలు లెక్కపెట్టేలా తయారయ్యాడు. అతని నవ్వు సంతోషం కాదు, జబ్బు. గొంతులో ఇరుక్కున్న ఎముకను కక్కలేక పడే అవస్థలా ఉంటుంది. హత్య తర్వాత స్నానాల గదిలో చేసే ఆ మెల్లని నాట్యం కాగితం మీద లేదు. దర్శకుడు సెల్లో సంగీతం వినిపిస్తే అక్కడే పుట్టింది.

నాకు లెడ్జర్ ఇష్టం. వివరణ లేని చెడు ఎక్కువసేపు వెంటాడుతుంది.

రంగులపెట్టె

నాకు ఫీనిక్స్. వివరణ ఉన్నా క్షమించలేని చెడు ఇంకా ఎక్కువసేపు వెంటాడుతుంది.

నిద్రలేని_ఆదివారం

అయితే ఇయన్ మెకెల్లెన్ మాగ్నీటోను ఎక్కడ పెడతారు? 2000 నాటి ‘ఎక్స్-మెన్’ సినిమా మొదలయ్యేదే నాజీ శిబిరంలో తల్లిదండ్రుల నుంచి విడదీసిన పిల్లవాడితో. ఆ తర్వాత మెకెల్లెన్ ఎంత నెమ్మదిగా మాట్లాడినా ఆ ఇనుప గేటు చప్పుడు లోపల వినిపిస్తూనే ఉంటుంది. తాను స్వలింగ సంపర్కుడినని బాహాటంగా చెప్పుకున్న మనిషి ఆయన. వేరుగా పుట్టినందుకు వెలివేసే లోకం కథ కాబట్టే ఈ పాత్ర తనకు నచ్చిందని చెప్పాడు. అందుకే ఆయన చెప్పేది వింటుంటే ఒక్కోసారి ‘ఇతను అన్నదాంట్లో తప్పేముంది?’ అనిపిస్తుంది. 2018 ‘బ్లాక్ పాంథర్’లో విలన్‌గా మైకేల్ బి. జోర్డన్ కిల్‌మాంగర్ కూడా అంతే.

మూడోవరుస

కిల్‌మాంగర్ పేరు వచ్చింది కాబట్టి నా అసలు మాటకు వస్తాను. ఆ సినిమా గురించి మాట్లాడే ప్రతివాళ్లూ జోర్డన్‌నే పొగుడుతారు. పొగడాలి కూడా. కానీ అతని ఎదురుగా నిలబడి వినే మనిషిని చూడండి. చాడ్విక్ బోస్మన్ తాను వేసిన హీరో టీచల్లాకు ఆఫ్రికా యాసే ఉండాలని పట్టుబట్టాడు. వలసపాలన చూడని దేశపు రాజు బ్రిటిష్ యాసలో ఎందుకు మాట్లాడతాడన్నది అతని వాదన. తండ్రి పాత్ర వేసిన దక్షిణాఫ్రికా నటుడు జాన్ కానీది కోసా మాతృభాష. దాన్నే వకాండా అనే ఆ దేశపు భాషగా తీసుకుని నేర్చుకున్నాడు. ఇక ఆఖరి దృశ్యంలో ఓడిపోయిన శత్రువును సూర్యాస్తమయం చూపించడానికి తీసుకెళ్లి, అతను మాట్లాడుతుంటే పక్కన మౌనంగా ఉంటాడు. అక్కడ సంభాషణలన్నీ విలన్‌వి. ఆ మాటలు మనకు తగిలేది మాత్రం అవి ముందు బోస్మన్ ముఖానికి తగులుతాయి కాబట్టి. అప్పటికే అతను క్యాన్సర్‌తో ఉన్నాడని లోకానికి 2020లో, అతను పోయాక తెలిసింది.

పరీక్ష అని నేను మొదట అన్నది దీన్నే. విలన్ మాట్లాడతాడు. అది ఎంత బరువైన మాటో హీరో వినడాన్ని బట్టి మనకు తెలుస్తుంది.

క్యాట్‌ఉమన్‌ను ఏ గదిలో పెట్టాలో నాకూ తెలియదు. గుమ్మంలో నిలబడనివ్వండి.

సందేహాలరావు

టామ్ హిడిల్‌స్టన్ మొదట పరీక్ష ఇచ్చింది థోర్ వేషానికట. కండలు పెంచి, బంగారు రంగు జుట్టు పెట్టుకుని మరీ వెళ్లాడు. ఇచ్చింది లోకీ వేషం. అన్నకు దక్కిన సింహాసనాన్ని తమ్ముడు అలా చూడటం నటనేనా అని నా సందేహం.

పాతరీలు

2026లో రావాల్సిన సినిమాలో డౌనీ జూనియర్ డాక్టర్ డూమ్‌గా వేస్తున్నాడు. పదకొండేళ్లు ఐరన్ మ్యాన్‌గా ముసుగు ఎత్తి ముఖం చూపించినవాడు, కామిక్స్‌లో ముసుగు తీయడమే ఇష్టపడని విలన్‌గా. మూడోవరుస గారి ప్రశ్నకు అంతకంటే మంచి పరీక్ష ఉండదు.

గొంతుమనిషి

మూడోవరుస గారూ, చిన్న పని చెబుతాను. మీరు మొదట రాసిన ఆ అరనిమిషాన్ని ఈసారి కళ్లు మూసుకుని వినండి. వెన్నెముక ఒక్కటేనా, చూద్దాం.

మూడోవరుస

విన్నాను. కళ్లు మూసుకునే పని కూడా పడలేదు. పక్క గదిలో మా అమ్మ ఏదో సర్దుకుంటోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెర కనిపించదు. సరిగ్గా అతను కళ్లద్దాలు తీసిన చోట ఆమె అక్కడినుంచే అడిగింది: “ఇప్పటిదాకా ఇద్దరే కదా మాట్లాడుకుంటున్నారు, ఆ వచ్చినతను ఎవరు?”